నాలుగు మూలల పరీక్ష

రాళ్ళ మేడం బజారులో అడుగు పెట్టకముందే ఆవిడ వస్తున్న కబురు అక్కడికి చేరిపోయేది. కూరగాయల కొట్ల దగ్గర ఒకడు దగ్గేవాడు, ఆ దగ్గు ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకుతూ ఇనుప సామాన్ల సందు చివరిదాకా వెళ్ళేది. అంతదాకా బేరాల్లో తలమునకలై ఉన్నవాళ్ళకి ఉన్నట్టుండి కాటా పళ్ళెం కింద శుభ్రం చేయాలనిపించేది. మైనం ముద్దో, అయస్కాంతం ముక్కో, అక్కడ ఉండకూడనిదేదో జేబులోకి జారిపోయేది. ఆవిడకి ఇదంతా తెలియక కాదు. దగ్గు విని సర్దుకున్నారంటే తను వెళ్ళకుండానే సగం పని అయిపోయినట్టేనని ఆఫీసులో చెప్పి నవ్వేది.

ఆవిడ తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ముప్పై ఒక్కేళ్ళుగా ఒకే టేకు పెట్టె మోసి మోసి కుడి భుజం ఎడమదాని కంటే రెండు వేళ్ళు కిందికి దిగింది. వాళ్ళక్క దర్జీ పని చేసేది కాబట్టి, చెల్లెలి బట్టలు కుట్టేటప్పుడు ఆ భుజం లోపల ఒక గుడ్డ మడత ఎక్కువ వేసి వంకర కనబడకుండా చూసేది. పెట్టెలో గ్రాము నుంచి రెండు కిలోల దాకా ఇత్తడి రాళ్ళు, ఒక్కోదానికి ఒక్కో గుంట. వాటిని వట్టి చేత్తో తాకకూడదు. చేతి చెమట కూడా బరువే. పెద్దవాటిని తోలు గుడ్డతో, చిన్నవాటిని పట్టకారుతో తీయాలి. కొట్టువాడు ఎంత తొందరపెట్టినా సరే, ఆవిడ ఒక్కో రాయినీ పసిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టు పళ్ళెంలో దించేది. ఆ రాళ్ళ మూలంగానే ఆ పేరు వచ్చింది, అసలు పేరు జీతాల పట్టీలో మాత్రం మిగిలింది.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఆవిడ ఒక తప్పు చేసింది. పెట్టె బరువని ఆఫీసులో వదిలేసి ఒక ధాన్యం కొట్టుకి వెళ్ళింది. కొట్టు యజమాని మర్యాదస్తుడు. అమ్మా, మీకెందుకు శ్రమ, మా రాళ్ళు ఉన్నాయిగా అన్నాడు. ఆ రాళ్ళు పెట్టి చూస్తే కాటా వెంట్రుకవాసి తేడా లేదు. ముద్ర వేసి వచ్చేసింది. నెల తిరక్కుండా ఫిర్యాదు వచ్చింది. అప్పటి పెద్దసారు తిట్టలేదు, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "వాడి కాటాని వాడి రాళ్ళతోనే తూస్తే అది ఎప్పుడూ కరెక్టే అమ్మా. మన రాళ్ళు మనం మోసుకెళ్ళాలి. అందుకే నీకు జీతం" అన్నాడు. ఆ మర్నాటి నుంచి వానైనా ఎండైనా పెట్టె ఆవిడ భుజం దిగలేదు.

రెండేళ్ళకోసారి ఆ పెట్టెనే ఒళ్ళో పెట్టుకుని రైల్లో రాజధానికి వెళ్ళేది. అక్కడ నేలమాళిగలో చల్లటి గదిలో, దేశం దాచుకున్న అసలు రాళ్ళతో ఈ రాళ్ళని సరిచూసేవాళ్ళు. అరిగిపోయినదాన్ని పక్కన పెట్టేసేవాళ్ళు. ఆ ప్రయాణమంటే ఆవిడకి ఇష్టం. బజారులో అందరినీ పరీక్షించే మనిషి ఏడాది విడిచి ఏడాది తనూ పరీక్షకి వెళ్ళడంలో ఏదో న్యాయం కనిపించేది. ఒక ఊరు ఒక కిలో, ఇంకో ఊరు ఇంకో కిలో అనుకుంటే లాభం లేదు. వ్యాపారుల సంఘం కూర్చుని కిలో ఇంత అని తీర్మానించుకుంటే అసలే లాభం లేదు. ప్రభుత్వాన్ని నెత్తిన పెట్టుకునే మనిషి కాదావిడ. మన ప్రభుత్వం ఫైళ్ళు పోగొట్టుకుంటుంది, మనుషుల్ని మర్చిపోతుంది, కిలోని మాత్రం ఇంతవరకూ ఎక్కడా పారేసుకోలేదు అనేది.

ఇంట్లో ముగ్గురూ ఆడవాళ్ళే. అమ్మానాన్నలు పోయినప్పుడు చెల్లెలికి తొమ్మిదేళ్ళు, అక్కకి పంతొమ్మిది. అప్పటినుంచి అక్క కుట్టుమిషను తొక్కి చెల్లెల్ని చదివించింది, తర్వాత తన పెళ్ళి, తర్వాత భర్త పోవడం, కూతురిని పెంచడం, అన్నీ ఆ మిషను చప్పుడు మధ్యలోనే జరిగాయి. చెల్లెలు పెళ్ళి మాటెత్తితే దాటేసి అక్కతోనే ఉండిపోయింది. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు, ముప్పై నాలుగు మెట్లు. ఆ మెట్ల లెక్క అక్కకి నోటికి వచ్చింది, ఎందుకంటే గత రెండేళ్ళలో ఆవిడ ఎడమ తుంటి కీలు అరిగిపోయింది. మెట్టుమెట్టుకీ ఆగాలి. మిషను ముందు కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఆపరేషను తప్ప మార్గం లేదని పెద్దాసుపత్రి డాక్టర్లు చెప్పారు. వరస వచ్చేదాకా ఆగమన్నారు.

ఆ వరసలోకే కృత్రిమ మేధ వచ్చింది.

అంతకుముందు ఎముకల విభాగంలో ఎవరికి ముందు ఆపరేషను అనేది సిఫార్సు ఉత్తరాలు తేల్చేవి. పెద్ద డాక్టరమ్మ ఆ ఉత్తరాలతో విసిగిపోయి ఒక కంపెనీ తయారుచేసిన యంత్రాన్ని తెప్పించింది. అది ప్రతి రోగి దరఖాస్తు, రిపోర్టులు చదివి ఎవరి అవస్థ ఎంతో లెక్కగట్టి వారం వారం ఒక జాబితా ఇస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే దేశ ప్రభుత్వం ఏఐ మీద చట్టం చేసింది. మనిషి బతుకు మీద తీర్పు చెప్పే ఏ యంత్రమైనా ప్రభుత్వ ముద్ర లేకుండా పనిచేయకూడదు అన్నది అందులో ముఖ్యమైన మాట. సభలో దాని మీద పదకొండు రోజులు కొట్లాడుకున్నారు. తీరా పాసయ్యాక, ముద్ర వేసేదెవరు అన్న ప్రశ్న వచ్చింది. కొత్త శాఖ పెట్టడానికి మనుషులు లేరు. ఎవరో పెద్దమనిషికి ముద్రలు వేసే శాఖ ఒకటి ముందే ఉందని గుర్తొచ్చింది. ఆ విధంగా ఉల్లిపాయల కాటాలు చూసేవాళ్ళ నెత్తిన మెదడున్న యంత్రాలు పడ్డాయి.

రాళ్ళ మేడంని రాజధానికి పిలిచి పన్నెండు రోజులు శిక్షణ ఇచ్చారు. ఆవిడకి సగం అర్థమైంది, మిగతా సగం చెప్పేవాళ్ళకీ అర్థమైనట్టు లేదు. చివర్లో అరవై పేజీల పుస్తకం చేతిలో పెట్టారు. తొమ్మిదో నిబంధనలో పరీక్ష పద్ధతి ఉంది. తయారుచేసిన కంపెనీ ఇచ్చే వంద నమూనా దస్త్రాలు యంత్రానికి చూపించాలి, తొంభై అయిదు సరిగ్గా చెబితే ముద్ర వేయాలి.

ఆసుపత్రి యంత్రం తొంభై ఎనిమిది సరిగ్గా చెప్పింది. కంపెనీ ఇంజనీరు తెర మీద అంకెలు చూపిస్తుంటే ఆవిడ ప్రతి అంకె పక్కనా టిక్కు పెట్టింది. ఆ చల్లటి గదిలో, ఆ నీలం దీపాల ముందు కూర్చునేసరికి ముప్పై ఒక్కేళ్ళ విద్య ఎటుపోయిందో ఆవిడకే తెలియదు. ఇది కాటా కాదు, నాకు తెలిసిన సామాను కాదు, పుస్తకంలో ఎలా ఉంటే అలా చేయడమే మేలు అనుకుంది. వెండి రంగు ముద్ర కాగితం మీద తన నంబరు, 417, రాసి యంత్రం తలుపుకి అంటించి వచ్చేసింది.

రెండు వారాలకి అక్కకి కబురు వచ్చింది. జాబితాలో పంతొమ్మిదో నంబరు. మూడు వారాల్లో ఆపరేషను.

ఆ సంబరంలో ఇల్లు ఇల్లులా లేదు. అక్క కూతురు ఆఫీసు నుంచి సగం రోజు సెలవు పెట్టి వచ్చి వాళ్ళమ్మని పట్టుకుని ఏడ్చింది. ఆ పిల్ల బీమా కంపెనీలో ఉత్తరాలు రాసే ఉద్యోగం చేస్తుంది. అమ్మ దరఖాస్తు రెండు పేజీలూ తనే రాసింది. అక్క మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపించింది, నడవడానికి చేతి చట్రం కొనిపించింది, బాగయ్యాక మొట్టమొదట మేడ మీదికి ఎక్కి తన బట్టలు తనే ఆరేసుకుంటానని చెప్పింది. అరవై ఏడేళ్ళ మనిషికి ఉన్న కోరిక అంతే. తను ముద్ర వేసిన యంత్రమే తన అక్కని ముందుకు తెచ్చిందని చెల్లెలికి కాస్త గర్వం కూడా కలిగింది, దాన్ని దాచుకోవడం ఎందుకు.

ఆపరేషను ముందు రక్తపరీక్షలకి అక్కని తీసుకెళ్ళిన రోజు, నడవాలో బల్ల మీద పక్కన ఒకాయన కూర్చున్నాడు. కూర్చోలేదు, ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు. హోటల్లో గిన్నెలు కడిగే పని. ఇప్పుడు పనిలేదు. పక్కింటివాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారట. పద్నాలుగు నెలలుగా వస్తున్నాడు, ఈ వారం రెండువందల ఆరో నంబరు. అక్క తన బాధ మర్చిపోయి ఆయన్ని వివరాలు అడిగింది. ఆయన ఏది అడిగినా రెండు మాటల్లో చెప్పేవాడు. నొప్పా? నొప్పే. ఎప్పుడు? ఎప్పుడూ.

అక్క మోకాలి మీద ఉన్న కార్డు, ఆయన చేతిలో ఉన్న కార్డు రాళ్ళ మేడం కళ్ళకి పక్కపక్కనే పడ్డాయి. రెండింటి మీదా డాక్టరు రాసిన మాట ఒకటే: తుంటి కీలు, నాలుగో దశ. తేడా అంతా దరఖాస్తులో ఉంది. అక్కది రెండు పేజీలు. మెట్టుకి ఎన్నిసార్లు ఆగుతుందో, ఏ వైపు పడుకోలేదో, ఏ పని మానేసిందో అందులో ఉంది. ఆయన రాయలేడు కాబట్టి కౌంటరు గుమాస్తాకి నోటితో చెప్పుకున్నాడు. వెనక యాభై మంది నిలబడి ఉంటే గుమాస్తా టైపు చేసింది ఇంతే: "తుంటి నొప్పి. నడవలేడు."

బరువు ఒకటే. ముల్లు మాత్రం ఒకచోట పంతొమ్మిది, ఇంకోచోట రెండువందల ఆరు.

మర్నాడు ఆవిడ మామూలుగా బజారుకి వెళ్ళి ఒక బస్తాల కాటా చూసింది. పెద్ద కాటాలకి ఒక పరీక్ష ఉంది. రాయిని పళ్ళెం నడిమధ్య పెట్టి చూస్తే చాలదు, అదే రాయిని నాలుగు మూలల్లోనూ పెట్టి చూడాలి. మంచి కాటా ఎక్కడ పెట్టినా ఒకటే చెబుతుంది. దొంగకాటా మధ్యలో నిజం చెప్పి మూలల్లో అబద్ధమాడుతుంది. ఇన్‌స్పెక్టరు రాయి మధ్యలో పెడతాడని దానికి తెలుసు. మూడో మూలకి రాయి జరుపుతూ ఆవిడ అక్కడే ఆగిపోయింది. కంపెనీ ఇచ్చిన వంద దస్త్రాలూ కంపెనీ రాళ్ళే. వాటిని పళ్ళెం నడిమధ్య పెట్టి చూసి తను ముద్ర వేసింది. ధాన్యం కొట్టులో చేసిన తప్పే తల నెరిసిపోయాక మళ్ళీ చేసింది, ఈసారి మనుషుల్ని తూచే కాటా మీద. ఆవిడకి సిగ్గుతో ఒళ్ళు వేడెక్కిపోయింది. కొట్టువాడు మంచినీళ్ళు ఇస్తే తాగి బయటపడింది.

అయితే చిక్కు ఇక్కడే ఉంది. చట్టం ప్రకారం ముద్ర రద్దు చేస్తే ఆ జాబితా చెల్లదు. డాక్టర్లు కూర్చుని మొదటినుంచీ చేత్తో కొత్త జాబితా వేయాలి. ఇంకా పదహారు రోజుల్లో ఉన్న అక్క ఆపరేషను కూడా పోతుంది.

ఆవిడ ముందు ఆఫీసులో పెద్దసారు దగ్గరికి వెళ్ళి విషయమంతా చెప్పింది. "ఆ జాబితాలో మా అక్క ఉంది సార్. నన్ను తప్పించి ఇంకెవరినైనా పంపండి" అంది. ఆయన నెత్తి గోక్కున్నాడు. ఈ చుట్టుపక్కల ఆ శిక్షణ అయిన మనిషి ఆవిడ ఒక్కతే. రాజధాని నుంచి ఎవరైనా రావాలంటే నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ యంత్రం జాబితాలు ఇస్తూనే ఉంటుంది. అంటే తప్పుకుంటే అక్క ఆపరేషను అయిపోతుంది, ఎవరూ తప్పు పట్టరు. రిపోర్టులో మొదటి వాక్యంగా మీ అక్క సంగతి రాయండి, తర్వాత మీ ఇష్టం మేడం అన్నాడాయన. మీ ఇష్టం అన్న మాటంత బరువు ఆ పెట్టెలో ఏ రాయికీ లేదని ఆవిడకి అప్పుడు తెలిసింది.

రాజధానికి ఫోను చేస్తే అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడు. పద్ధతి ప్రకారం పాసైంది కదా, ఇంకేం కావాలి అన్నాడు. దేశంలో నలభై ఆసుపత్రులు ఇదే యంత్రం తెప్పించుకుంటున్నాయని, వచ్చే నెల మంత్రిగారి చేతుల మీదుగా ప్రారంభమని, ఒక్కచోట గొడవైతే అన్నిచోట్లా అవుతుందని చెప్పాడు. అందుకేనండీ అడుగుతున్నది, అన్నిచోట్లా ఇదే యంత్రం కాబట్టే, అంది ఆవిడ. అనుమానం వస్తే ముద్ర ఉన్నదాన్ని ఎప్పుడైనా మళ్ళీ పరీక్షించవచ్చని పద్నాలుగో నిబంధన చెబుతోందని గుర్తుచేసింది. అవతల కాసేపు కాగితాల చప్పుడు వినిపించింది. ఉందండీ, అలాగే ఉంది అన్నాడాయన నీరసంగా.

పెద్ద డాక్టరమ్మతో మాట్లాడటం అంతకంటే కష్టమైంది. ఆవిడ చెడ్డమనిషి కాదు. పొద్దున నుంచి నిలబడి నిలబడి కాళ్ళు వాచిన మనిషి. "ఇది తీసేస్తే నా గది ముందు మళ్ళీ సిఫార్సు ఉత్తరాలు వాలతాయి. గిన్నెలు కడిగే ఆయన అప్పుడు రెండువందల ఆరు కాదు, అసలు లెక్కలోనే ఉండడు. అది మీకు సమ్మతమేనా?" అని అడిగింది. యంత్రం మీద రాళ్ళ మేడంకి కోపమేమీ లేదు, కాటా మీద ఎవరు కోప్పడతారు. పాతకాలం తూకం దొంగతూకమేనని ఆవిడకీ తెలుసు. కాకపోతే పాత దొంగతూకానికి ప్రభుత్వ ముద్ర లేదు, జనం దాన్ని అనుమానించేవాళ్ళు, తిట్టేవాళ్ళు. దీనికి ముద్ర ఉంది. ముద్ర చూసి నోరు మూసుకుని వరసలో కూర్చుంటున్నారు. తనని కుదిపేస్తున్నది ఆ నోరు మూసుకోవడమేనని డాక్టరమ్మకి చెప్పాలనుకుంది గాని సరిగ్గా చెప్పలేకపోయింది.

మూడు రోజులు కూర్చుని సొంత రాళ్ళు తయారుచేసింది. రిటైరైన ఒక నర్సునీ, కౌంటరు గుమాస్తానీ పక్కన పెట్టుకుంది. ఇరవై మంది రోగుల్ని కల్పించారు, రోగం ఎంత ముదిరిందో ఇద్దరు డాక్టర్ల చేత ముందే రాయించుకున్నారు. ఒక్కో రోగినీ నాలుగు రకాలుగా రాశారు. చదువుకున్న బిడ్డ ఇంట్లో తీరిగ్గా రాసినట్టు ఒకటి, గుమాస్తా రెండు ముక్కల్లో కొట్టినట్టు ఒకటి, ఫోనులో చెబితే ఎవరో రాసుకున్నట్టు ఒకటి, మంచి మాటలే గాని దూరపు పేట చిరునామాతో ఒకటి. రోగం అదే, రిపోర్టు అదే, మూల మాత్రం వేరు. రెండు ముక్కలవి రాయడం నాకు వెన్నతో పెట్టిన విద్య మేడం, రోజూ చేసేదే కదా, అన్నాడు గుమాస్తా. ఆ మాట అన్నాక వాడి మొహం వాడిపోయింది. ఇరవయ్యో రోగి దగ్గరికి వచ్చేసరికి కొత్తగా ఏమీ తోచక, పేరు లేకుండా, ఆవిడ తన అక్క నొప్పినే రాసింది.

పరీక్ష పగలు పదకొండింటికి జరిగింది. డాక్టరమ్మ, ఇంజనీరు, పెద్దసారు అందరూ ఉన్నారు. మొదటి రోగి నాలుగు దస్త్రాలకి యంత్రం ముప్పై ఒకటి, నూట అరవై, నూట నాలుగు, యాభై రెండు అంది. ఎనిమిదో రోగి దాకా ఇంజనీరు ఏదో ఒక కారణం చెబుతూ వచ్చాడు. తర్వాత చెప్పడం మానేశాడు. ఇరవయ్యో రోగి వచ్చింది. కూతురు రాసిన మూలన ఇరవై రెండు. గుమాస్తా రాసిన మూలన నూట డెబ్భై ఒకటి.

రాళ్ళ మేడం ఆ రెండో అంకె వైపు చాలాసేపు చూసింది. అదీ తన అక్క తుంటే. అవే ముప్పై నాలుగు మెట్లు. ఇంట్లో ఒక పిల్లకి ఉత్తరాలు రాసే ఉద్యోగం లేకపోతే అక్క అక్కడ ఉండేది, మంచం కిటికీ దగ్గరికి జరిపే అవసరమే ఉండేది కాదు.

ఇంజనీరు వయసులో చిన్నవాడు, నిజాయితీపరుడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇది నేర్చుకుంటుంది మేడం. రెండు నెలల్లో సరిచేస్తాం. అంతదాకా ముద్ర ఉండనివ్వండి" అన్నాడు.

"బాగుచేసే కాటాని కొట్టు మీద ఉంచకూడదు నాయనా. బాగుచేసుకుని రా. నేనే వచ్చి మళ్ళీ తూస్తాను, నా రాళ్ళతో" అంది ఆవిడ. "అది రోజూ నేర్చుకుంటుందంటున్నావు కదా, ఏడాదికోసారి కాదు, నెలనెలా తూస్తాను."

బ్లేడు తీసి 417 నంబరు ముద్రని గీకేసింది. సగం ఊడింది, సగం తలుపుకే అతుక్కుపోయింది. గోటితో గీకి గీకి మొత్తం తీసింది. సర్వీసులో వేలకొద్దీ ముద్రలు రద్దు చేసిందిగాని తన ముద్రని తనే రద్దు చేయడం ఆవిడకి అదే మొదటిసారి.

సాయంత్రం ఇంటికి వెళ్ళి టీ కూడా తాగకుండా అక్కకి చెప్పేసింది. అక్క వింటూ వింటూ చేతిలో ఉన్న గుడ్డ మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. కూతురు మాత్రం ఊరుకోలేదు.

"నేను రాసింది అబద్ధమా పిన్నీ?"

"ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదే."

"మరి?"

"రాసిపెట్టేవాళ్ళు లేనివాళ్ళ నొప్పి కూడా అబద్ధం కాదు."

ఆ పిల్ల లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడు రాళ్ళ మేడంకి చెంప మీద కొట్టినట్టే తగిలింది. తను ఆ పిల్ల జాగాలో ఉంటే ఇంకా గట్టిగా వేసేదాన్ననుకుంది.

తర్వాత అయిదు వారాలు గడిచాయి. రాజధాని నుంచి సంజాయిషీ అడుగుతూ ఒక కాగితం వచ్చింది, ఆవిడ నాలుగు వాక్యాల్లో జవాబిచ్చి ఎనభై దస్త్రాలూ జతచేసింది. మంత్రిగారి ప్రారంభం వాయిదా పడింది. ఒక కమిటీ వేశారు. కమిటీ అనగానే ఆఫీసులో అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. కానీ ఆ కమిటీ ఇంకా మొదటిసారి కూర్చోకముందే ఒక సర్క్యులరు వచ్చింది. ఇకమీదట కంపెనీలు ఇచ్చిన నమూనాలతో ఏ యంత్రానికీ ముద్ర వేయరాదు, పరీక్ష దస్త్రాలు ప్రభుత్వమే తయారుచేసి రాజధానిలో భద్రపరచాలి, రెండేళ్ళకోసారి వాటినీ సరిచూడాలి అని అందులో ఉంది. ఆవిడ పేరు ఎక్కడా లేదు. పెద్దసారు దాన్ని రెండుసార్లు చదివి, మొత్తానికి మనవాళ్ళకి రాళ్ళు కొనుక్కోవాలని తెలిసింది మేడం అన్నాడు. ఆవిడకి సంతోషమైంది. ఆ సంతోషం ఇంటి మెట్ల దాకా వచ్చి అక్కడ ఆగిపోయేది. ఇంట్లో అక్క అన్నం పెట్టేది, తలుపు తీసేది, గుక్కెడు నీళ్ళు అడిగితే కూతురిని ఇవ్వమనేది. అంతకుమించి మాట లేదు.

ఆదివారం పొద్దున ముగ్గురు డాక్టర్లు చేత్తో వేసిన కొత్త జాబితా ఆసుపత్రి గోడకి అంటించారు. ఉత్తరాలు, దరఖాస్తులు పక్కనపెట్టి ప్రతి రోగినీ మళ్ళీ పిలిచి చూసి వేసిన జాబితా అది. రాళ్ళ మేడం వెళ్ళి చూసి వచ్చింది. అక్క మిషను ముందు కూర్చుని ఉంది, కుట్టడం లేదు.

"ఎంత?" అని అడిగింది అక్క. అయిదు వారాల్లో తనంతట తాను అడిగిన మొదటి మాట.

"నూట నలభై మూడు."

"అంటే ఎన్నాళ్ళు?"

"ఎనిమిది నెలలు. తొమ్మిది కావచ్చు."

అక్క వేళ్ళతో మిషను చక్రాన్ని కాస్త ముందుకీ వెనక్కీ తిప్పింది. లెక్కల్లో ఆవిడ ఎప్పుడూ చెల్లెలి కంటే చురుకు. "నూట ఇరవై నాలుగు మంది" అంది. "అంతమందిని తోసుకుని వెళ్ళబోయానా నేను? నాకు తెలీదు కదే."

"నీకెలా తెలుస్తుంది అక్కా. నాకే తెలీలేదు."

"నువ్వు చేసింది తప్పని అనను. ఎవరడిగినా అనను." అక్క మాట మామూలుగానే ఉంది, కోపం లేదు. "కానీ రోజూ పొద్దున లేవాల్సింది మాత్రం నేను. అది నువ్వు గుర్తుపెట్టుకో."

చెల్లెలు తల ఊపింది.

అక్క చెయ్యి చాపింది, లేపమని. ఇన్నాళ్ళూ ఆ చెయ్యి కూతురికే అందించింది. చెల్లెలు ముందుకు వంగి పట్టుకుంది. అక్క మొదట కుడికాలి మీద బరువు వేసింది, తర్వాత పళ్ళు బిగించి ఎడమకాలు సవరించింది, సగం లేచి ఆగింది, మళ్ళీ ఊపిరి తీసుకుంది. ఆ కాసేపట్లో ఆవిడ మొహంలోకి వచ్చినదాన్ని చూడటం కష్టం. చెల్లెలికి కిటికీ వైపు చూడాలనిపించింది. చూడలేదు. అక్క పూర్తిగా నిలబడేదాకా ఆ మొహాన్నే చూస్తూ ఉంది.